సభాకంపం కొలిచే స్కేల్‌ని తెలుగు చేసే ముందు, అది ఏ స్పీచో తేల్చుకోండి

తర్వాత చదివేవాళ్ల కోసం ముందుగా మీ ప్రశ్నను రెండు ముక్కల్లో చెబుతాను. మీరు డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నారు. నలుగురిలో మాట్లాడాలంటే కలిగే భయాన్ని కొలవడానికి అమెరికా పరిశోధకుడు జేమ్స్ మెక్‌క్రాస్కీ తయారుచేసిన పీఆర్‌పీఎస్‌ఏ స్కేల్‌ని, ఎంతవరకు ఒప్పుకుంటారో 1 నుంచి 5 దాకా అంకె చుట్టే 34 వాక్యాలదాన్ని, తెలుగు చేశారు. మీ ఇంగ్లీషు లెక్చరర్ దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారిస్తే అసలుతో చక్కగా సరిపోయింది. రెండు సెక్షన్ల పిల్లలకు ఇచ్చి చూస్తే ఆల్ఫా (వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె, 1కి దగ్గరైతే ఎక్కువ) 0.96 వచ్చింది. గైడ్ గారు ‘ఇంకేం కావాలి, డేటా మొదలెట్టండి’ అన్నారు. మీకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. కాలేజీ ఫంక్షన్లలో మైకు పట్టుకుంటే వదలని కుర్రాడికి భయం స్కోరు బాగా ఎక్కువ వచ్చింది కాబట్టి.

మీ అనుమానం సరైనదే. డేటా మొదలెట్టకండి. ముందు ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి: ‘ఫారం నింపేటప్పుడు ఏ స్పీచ్ గుర్తు తెచ్చుకున్నావ్?’ క్లాసులో పీపీటీ పెట్టుకుని ఇంగ్లీషులో ఇవ్వాల్సిన సెమినార్ అంటాడని నా అంచనా. ఫ్రెషర్స్ డే నాడు తెలుగులో యాంకరింగ్ చేసేటప్పుడు అతనికి జంకు లేదు. ఇంగ్లీషులో నోరు తెరవాలంటేనే ఉంది. మీ ఫారంలో ఈ రెంటికీ ఒకటే పేరు: స్పీచ్.

మీరు చేసిన తెలుగులో తప్పులున్నాయని నేను అనడం లేదు. అసలు స్కేల్‌లో ‘స్పీచ్’ అంటే ఏమిటో ఎక్కడా చెప్పలేదు, చెప్పే అవసరమూ రాలేదు. 1970లో అది అమెరికా కాలేజీ విద్యార్థుల కోసం వచ్చింది. అక్కడ పబ్లిక్ స్పీకింగ్ ఒక కోర్సుగా ఉంటుంది. పాఠ్యప్రణాళికలో స్పీచ్ అనే మాట కనపడుతుంది, టీచర్ అసైన్‌మెంట్ ఇస్తారు, తేదీ చెబుతారు, మార్కులు వేస్తారు. స్కేల్‌లో 2, 9, 28 నంబర్ల వాక్యాలు సరిగ్గా వీటిలో మొదటి మూడు సందర్భాల మీదే నిలబడి ఉన్నాయి. మాట్లాడే భాష ఏదన్న ప్రశ్న అక్కడ తలెత్తదు, ఎందుకంటే చాలామందికి ఇంటి భాషా, క్లాసు భాషా ఒకటే. మన దగ్గర అలా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషులో సెమినార్ ఇవ్వాల్సి వచ్చిన అమ్మాయికి మీ ఫారం ఇస్తే, ఆమె భయంలో సభ వాటా ఎంత, ఇంగ్లీషు వాటా ఎంత అన్నది ఆ ఒక్క మొత్తం మార్కు చూసి చెప్పలేరు.

కాబట్టి మొదటి పని తర్జుమా కాదు, సూచనలు రాయడం. ఫారం పైన ఒక పేరా పెట్టండి: ‘ఈ కింది వాక్యాల్లో స్పీచ్ అంటే, కనీసం ఒక క్లాసు మంది ముందు నిలబడి తెలుగులో కొద్ది నిమిషాలు మాట్లాడటం. చివరిసారి అలా మాట్లాడిన సందర్భం గుర్తు తెచ్చుకుని జవాబివ్వండి.’ ఇంగ్లీషు స్పీచ్ కూడా మీ పరిశోధనకు ముఖ్యమైతే అదే స్కేల్ రెండోసారి, ‘ఇంగ్లీషులో’ అన్న సూచనతో, కొన్నాళ్ల ఎడంతో ఇవ్వండి. సగం మందికి తెలుగు ముందు, సగం మందికి ఇంగ్లీషు ముందు. ఎప్పుడూ స్టేజీ ఎక్కనివాళ్లు ఏం చేయాలో కూడా ఆ పేరాలోనే చెప్పాలి. మన కాలేజీల్లో అలాంటివాళ్లు తక్కువేం కాదు. వాళ్లు ఊహించుకుని రాస్తారు. ఊహించుకున్న భయం, అనుభవించిన భయం ఒకటి కాదు కనుక ‘గత ఏడాదిలో ఎన్నిసార్లు మాట్లాడారు’ అన్న ప్రశ్న విడిగా పెట్టి, ఆ గుంపును విశ్లేషణలో వేరు చేసుకోండి.

దీంతోపాటు విదేశీ భాష క్లాసులో కలిగే భయాన్ని కొలిచే ఎఫ్‌ఎల్‌సీఏఎస్ స్కేల్ కూడా ఇవ్వండి. హార్విట్జ్, ఇద్దరు సహచరులు 1986లో తెచ్చినది, 33 వాక్యాలు. మీ తెలుగు పీఆర్‌పీఎస్‌ఏ స్కోరు దీనితో మరీ గట్టిగా ముడిపడి, తెలుగులో నిజంగా ఇప్పించిన చిన్న స్పీచ్‌లో కనపడిన భయంతో బలహీనంగా ముడిపడితే, మీరు కొలిచింది ఇంగ్లీషు భయం. ఆల్ఫా ఎంత ఉన్నా ఈ సంగతి చెప్పదు.

ఆ 0.96 సంగతికి వద్దాం. మీరు దాన్ని శుభవార్తగా చెప్పారు. నాకు అది చూడగానే అనుమానం వచ్చింది. అసలు స్కేల్‌లో కొన్ని వాక్యాలు ‘టెన్స్’ అంటాయి, కొన్ని ‘యాంక్షస్’ అంటాయి, ఒకటి ‘డ్రెడ్’ అంటుంది. తెలుగులో వీటన్నిటికీ మీరు ‘ఆందోళన’ వాడారు. మీ 9వ వాక్యం: ‘లెక్చరర్ ప్రసంగం అప్పగించినప్పుడు నాకు ఆందోళన కలుగుతుంది.’ 28వది: ‘లెక్చరర్ ప్రసంగం తేదీ ప్రకటించినప్పుడు నాకు ఆందోళన కలుగుతుంది.’ పిల్లలు ఒకే వాక్యాన్ని రెండుసార్లు చదివి రెండుసార్లు అదే అంకె చుట్టారు. 5, 21, 33 కూడా ఇంచుమించు అంతే. ఒకే ప్రశ్న ఐదుసార్లు అడిగితే ఆల్ఫా పెరగక ఏమవుతుంది? పైగా 34 వాక్యాలున్న స్కేల్‌కి ఆల్ఫా ఎక్కువ రావడంలో గొప్పేమీ లేదు. వాక్యాల సంఖ్య పెరిగేకొద్దీ అది దానంతటదే పెరుగుతుంది.

ఇంకో ఇబ్బంది. పేపర్లలో ‘ఆందోళన’ అంటే కలెక్టరేట్ ముందు జరిగేది. పిల్లలు తమ గురించి చెప్పుకునేటప్పుడు ఆ మాట వాడరు. ‘టెన్షన్’ అంటారు, ‘భయమేస్తది’ అంటారు, ‘కంగారు’ అంటారు. ఇలాంటి చోట నేను ఇంగ్లీషు మాటకు తెలుగు మాట వెతకను. ఒంట్లో ఏం జరుగుతుందో, బుర్రలో ఏం జరుగుతుందో విడదీసి రాస్తాను. 9వదాన్ని ‘రేపు నువ్వు స్పీచ్ ఇవ్వాలి అని లెక్చరర్ అనగానే నా ఒళ్లు బిగుసుకుపోతుంది’ అనండి. 28వదాన్ని ‘స్పీచ్ తేదీ చెప్పిన దగ్గర్నుంచి అదే గుర్తొచ్చి దిగులుగా ఉంటుంది’ అనండి. రెండూ వేర్వేరు విషయాలు అడుగుతాయి, అసలు వాక్యాల ఉద్దేశం కూడా పోదు. ఒంటి లక్షణాల విషయంలో మన భాషకు కొరత లేదు: గుండె దడ, కాళ్ల వణుకు, గొంతు తడారిపోవడం, నాలుక తడబడటం, ముచ్చెమటలు. అయితే ప్రాంతం చూసుకోవాలి. ‘బుగులు’ అంటే వరంగల్‌లో పిల్లలు ఠక్కున పట్టుకుంటారు, భీమవరంలో మొహాలు చూసుకుంటారు. ‘గాభరా’, ‘కంగారు’, ‘పరేషాన్’ ఒక్కోచోట ఒక్కో బరువుతో నడుస్తాయి. రెండు రాష్ట్రాల్లోనూ తేడా లేకుండా నడిచేవి ‘భయం’, ‘టెన్షన్’, ‘గుండె దడ’. టెన్షన్ ఇంగ్లీషు మాట కదా అని తెలుగు డిపార్టుమెంటు వాళ్లు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి, ఫారం నింపేది పిల్లలు.

చెమట వాక్యం గురించి ఒక పిట్టకథ లాంటి నిజం. 19వ వాక్యం స్పీచ్‌కి ముందు చెమట పడుతుందా అని అడుగుతుంది. ఏప్రిల్‌లో విజయవాడలో, కరెంటు పోయిన సెమినార్ హాల్లో, స్పీచ్ ఉన్నా లేకున్నా పడుతుంది. ఆ వాక్యానికి మిగతా స్కోరుతో సంబంధం తక్కువగా వస్తే ‘మన సంస్కృతిలో భయానికి చెమట లక్షణం కాదు’ అని థీసిస్‌లో రాసేయకండి. ఏ నెలలో, ఏ గదిలో డేటా తీశారో చూడండి. ‘చల్లటి రోజున కూడా’ అని చేర్చడం, ‘అరచేతులకు చెమట’ అనడం, రెండూ ప్రయత్నించి చూడదగ్గవే.

ఒక్క విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. హిందీలో ఇదే పని చేసేవాళ్లు ‘నేను వణుకుతాను’ అనడానికి ఆడపిల్లలకో రూపం, మగపిల్లలకో రూపం పెట్టుకోవాలి. తెలుగులో ‘నేను’ అన్న చోట క్రియకు లింగభేదం లేదు, ఒకే ఫారం అందరికీ సరిపోతుంది.

ఇప్పుడు తిరగేసిన వాక్యాలు. 34లో 12 వాక్యాలు ధైర్యం వైపు నుంచి అడుగుతాయి: 4, 6, 7, 8, 11, 12, 15, 16, 17, 18, 24, 26. వీటిలో 6, 18 నెగెటివ్ వాక్యాలు. ‘స్పీచ్ ఇవ్వడమంటే నాకు భయం లేదు’ అన్నదానికి భయం ఉన్న పిల్లవాడు ‘అంగీకరించను’ అని పెట్టాలి. ‘భయం లేదు’ని ‘కాదు’ అనడం కాగితం మీద తేలికే. వరసగా వాక్యాలు చదువుతూ పోతున్నవాడు మాత్రం ‘లేదు’ కనపడగానే ‘లేదు’ వైపు చుట్టేస్తాడు. ‘భయం లేకుండా మాట్లాడగలను’ అని మార్చబోతారేమో, అప్పుడు అది భావం పోయి సామర్థ్యం గురించిన ప్రకటన అవుతుంది. తన గొప్ప తాను చెప్పుకోకూడదని పెరిగిన పిల్లలు ధైర్యం ఉన్నా మధ్య గడిలో ఆగిపోతారు. నేనైతే ఈ రెంటినీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ‘లేదు’ కింద గీత గీసి, ఇంటర్వ్యూల్లో పరీక్షిస్తాను. ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌లో (ఏ వాక్యాలు ఒక గుంపుగా కదులుతాయో చూసే లెక్కలో) ఈ 12 వాక్యాలు విడిగా ఒక గుంపు కడితే, దానికి ‘ఆత్మవిశ్వాసం’ అని పేరు పెట్టి కొత్త ఫ్యాక్టర్ కనిపెట్టామని సంబరపడొద్దు. అది చాలాసార్లు వాక్యం రాసిన పద్ధతి వల్ల వచ్చే గుంపే. మోడల్‌లో మెథడ్ ఫ్యాక్టర్‌గా పెట్టి చూడండి.

7వ వాక్యం కథ వేరు. ‘మొదలుపెట్టే ముందు కంగారుగా ఉన్నా, మొదలుపెట్టాక త్వరగానే కుదుటపడతాను’ అన్నది అది. ముందూ తర్వాతా ఏ కంగారూ లేనివాడు ఏం పెట్టాలి? నిజాయితీగా ‘అంగీకరించను’ అంటాడు, స్కోరింగ్‌లో అతనికి భయం పెరుగుతుంది. ఈ లోపం ఇంగ్లీషులోనే ఉంది. మీ తర్జుమా దాన్ని నమ్మకంగా మోసుకొచ్చింది, అంతే. దీన్ని వదిలేసి ఒకసారి, ఉంచి ఒకసారి విశ్లేషించి, రెండూ రాయండి.

ఏదైనా వాక్యం తీసేస్తే ఒక చిన్న లెక్క మరచిపోవద్దు. అసలు స్కోరింగ్‌లో 72 నుంచి ఆ 12 వాక్యాల మొత్తాన్ని తీసేసి, మిగతా 22 వాక్యాల మొత్తాన్ని కలుపుతారు. 1 నుంచి 5 దాకా ఉన్న అంకెను తిరగేయాలంటే 6 లోంచి తీసేయాలి కాబట్టి, ఆ 72 అన్నది 12ని 6తో గుణిస్తే వచ్చింది. 7వ వాక్యం తీసేస్తే అది 66 అవుతుంది.

స్కోరు గురించే ఇంకో మాట, నా దృష్టిలో ఇది తర్జుమా కంటే ముఖ్యం. మీరు పంపిన పట్టికలో 131 దాటినవాళ్లను ‘అధిక భయం’ అని, 98 లోపు వాళ్లను ‘తక్కువ’ అని విడదీశారు. ఆ అంకెలు ఎలా వచ్చాయో చూడండి. అసలు స్కేల్‌కి ఇచ్చిన సగటు 114.6, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) 17.2. కలిపితే 131.8, తీసేస్తే 97.4. అంటే అక్కడి విద్యార్థుల సగటు నుంచి అటొక మెట్టు, ఇటొక మెట్టు. రోగానికి, ఆరోగ్యానికి మధ్య గీసిన గీత కాదది. వాక్యాలు మారాక, భాష మారాక, పిల్లలు మారాక ఆ గీతను అలాగే వాడి ‘మా జిల్లా విద్యార్థుల్లో ఇంతమందికి తీవ్ర సభాకంపం’ అని రాస్తే మర్నాడు పేపర్లో హెడ్డింగ్ అవుతుంది, అందులో నిజం ఉండదు. మీ శాంపిల్‌కి మీ సగటు, మీ పర్సెంటైల్స్ ఇవ్వండి. వర్గాలు చేయకండి.

బ్యాక్ ట్రాన్స్‌లేషన్, అంటే తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మార్చి చూడటం, సరిపోయింది కదా అన్నారు. ‘ఆందోళన’ను మీ లెక్చరర్ మళ్లీ ‘యాంగ్జైటీ’ చేశారు, అందుకే సరిపోయింది. అక్షరానికి అక్షరం తెలుగు చేస్తే ఇంగ్లీషులోకి అంతే తేలిగ్గా తిరిగి వెళ్తుంది. పిల్లలు మాట్లాడే తెలుగులో రాస్తే తిరిగి వెళ్లడం కష్టం. అందువల్ల ఈ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే అది కృత్రిమమైన తెలుగుకే మార్కులు వేస్తుంది. ఇలాంటి స్కేళ్లను వేరే భాషలోకి తేవడానికి పరిశోధకుడు బీటన్ బృందం 2000లో ఇచ్చిన పద్ధతిలో కూడా బ్యాక్ ట్రాన్స్‌లేషన్ మధ్యలో ఒక మెట్టు మాత్రమే. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, వారిలో ఒకరికి ఈ స్కేల్ ఏం కొలుస్తుందో తెలియకూడదు. రెంటినీ కలిపి ఒకటి చేయాలి, ఇద్దరు వెనక్కి మార్చాలి, కమిటీ కూర్చోవాలి, చివర 30 నుంచి 40 మందితో పరీక్షించాలి. పరీక్షల్ని వేరే భాషలోకి మార్చడం మీద అంతర్జాతీయ టెస్ట్ కమిషన్ ఇచ్చిన సూచనల పత్రం 2017 రెండో ముద్రణలో 18 మార్గదర్శకాలున్నాయి. మీ థీసిస్ పరీక్షకులు అడిగేది వాటి గురించే, కాబట్టి అవి దగ్గర పెట్టుకోండి. మీ కమిటీలో కనీసం ఒకరు హైస్కూల్లో వక్తృత్వ పోటీలు నడిపిన టీచర్ ఉండాలని నా సలహా. ప్రొఫెసర్ల కంటే ఎక్కువ పనికొస్తారు.

ఆ చివరి మెట్టులోనే అసలు పనంతా ఉంది. పిల్లవాడి ఎదురుగా కూర్చుని, వాక్యం పైకి చదివించి, ‘నీకేం అర్థమైంది, నీ మాటల్లో చెప్పు’, ‘ఈ అంకె ఎందుకు చుట్టావు’ అని అడగడం. 23వ వాక్యం ఉదాహరణ చెబుతాను. స్పీచ్‌లో ఇంక కొంచెం సమయమే మిగిలిందని తెలిస్తే టెన్షన్ పెరుగుతుందని అది చెబుతుంది. మేం ఒకచోట దీన్ని చదివిస్తే ఒకమ్మాయి ‘అస్సలు కాదు’ అని చుట్టింది. ఎందుకమ్మా అంటే ‘వార్నింగ్ బెల్ కొడితే హాయి కదా సార్, ఇంక దిగిపోవచ్చు’ అంది. పక్కనున్న అబ్బాయి అదే వాక్యాన్ని ‘స్పీచ్ మొదలవడానికి కొంచెం టైమే ఉంది’ అని అర్థం చేసుకుని ‘పూర్తిగా అంగీకరిస్తాను’ అని పెట్టాడు. ఇద్దరి జవాబులూ నిజమే, కానీ ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబివ్వలేదు. ‘చెప్పాల్సింది ఇంకా చాలా ఉండగానే టైం అయిపోవస్తే’ అని రాశాక ఆ తికమక పోయింది. ఇలాంటివి ఏ గణాంకంలోనూ బయటపడవు. పక్కనే కూర్చుంటే పది నిమిషాల్లో బయటపడతాయి.

అసలు స్కేల్‌లో లేని భయాల గురించి కూడా ఈ ఇంటర్వ్యూల్లోనే వింటారు. పీఆర్‌పీఎస్‌ఏ మొత్తం ‘నేను’ చుట్టూ తిరుగుతుంది: నా చేతులు, నా గుండె, నా మతిమరుపు. మన పిల్లలు ‘మా సార్ పరువు పోతుందేమో’, ‘నాన్న ముందు వరసలో ఉన్నాడు’, ‘మా యాస విని నవ్వుతారు’ అంటారు. ఇది మనకొక్కరికే ఉన్నదీ కాదు. తనవల్ల ఎదుటివాళ్లు ఇబ్బంది పడతారేమోనన్న భయానికి జపాన్‌లో తైజిన్ క్యోఫుషో అన్న పేరే ఉంది. మానసిక రుగ్మతల లక్షణాలు చెప్పే అమెరికా పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 కూడా సోషల్ యాంగ్జైటీ లక్షణాల్లో ఎదుటివారిని నొప్పిస్తామేమోనన్న భయాన్ని చేర్చింది. పెద్దల ముందు ఊరుకోవడం భయమా, మర్యాదా అన్న చిక్కు కూడా ఉంది. ‘వీలైతే తప్పించుకుంటాను’ లాంటి ప్రవర్తన వాక్యాలున్న స్కేళ్లలో అది ఎక్కువ తగులుతుంది, మీ దాంట్లో తక్కువ. అయితే ఈ కొత్త వాక్యాలను 34లో కలిపేయకండి. ఫారం చివర విడి భాగంగా పెట్టి, విడిగా స్కోరు చేయండి. కలిపితే అది మెక్‌క్రాస్కీ స్కేల్ కాకుండా పోతుంది, ఇతర దేశాల ఫలితాల పక్కన పెట్టే వీలూ పోతుంది.

గణాంకాల గురించి క్లుప్తంగా. అయిదు గడుల జవాబులను ఆర్డినల్‌గానే (వరస ఉన్నా, గడికీ గడికీ ఎడం సమానమని అనుకోకుండా) తీసుకోండి, అలాంటి జవాబులకు సరిపడే పాలీకోరిక్ కోరిలేషన్లు, డబ్ల్యూఎల్‌ఎస్‌ఎంవీ అనే లెక్కింపు పద్ధతి వాడండి. ఆల్ఫాతో పాటు, అలాంటిదే మరో పొందిక కొలత అయిన ఒమేగా ఇవ్వండి. రెండు వారాల తర్వాత కొందరికి మళ్లీ ఇచ్చి స్థిరత్వం చూడండి. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం పిల్లల సగటులు పోల్చాలంటే ముందు ఇన్వేరియన్స్ పరీక్ష (స్కేల్ రెండు గుంపుల్లోనూ ఒకేలా కొలుస్తోందా అన్నది) తప్పదు: నిర్మాణం ఒకటేనా, లోడింగ్‌లు (ఒక్కో వాక్యానికీ భయానికీ ముడి ఎంత గట్టిదో) ఒకటేనా, థ్రెషోల్డ్‌లు (ఏ స్థాయి భయం దగ్గర పై గడికి మారతారో) ఒకటేనా. మోడల్ డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే సీఎఫ్‌ఐ ఒక్కో మెట్టుకు 0.01 కంటే ఎక్కువ పడిపోతే అక్కడ ఆగి ఏ వాక్యం తేడా చేస్తోందో వెతకండి. ‘నచ్చిన భాషలో నింపండి’ అని రెండు ఫారాలూ పెట్టాలన్న మీ ఆలోచనకూ ఇదే షరతు. హైదరాబాద్‌లో తెలుగు ధారాళంగా మాట్లాడి, చదవడానికి మాత్రం కూడబలుక్కునే పిల్లలుంటారు. వాళ్ల కోసం వాక్యాలు చదివి వినిపించడం రెండు ఫారాల కన్నా తేలిక.

వీటన్నిటికీ టైం లేదంటే స్కేల్‌నే మార్చుకోండి. బార్తొలొమే, హౌలిహాన్ 2016లో తెచ్చిన పీఎస్‌ఏఎస్‌లో 17 వాక్యాలే. ఆలోచన, ప్రవర్తన, ఒంటి లక్షణాలు మూడూ విడిగా వస్తాయి. ఇంకా చిన్నది కావాలంటే మెక్‌క్రాస్కీదే పీఆర్‌సీఏ-24లో పబ్లిక్ స్పీకింగ్‌కి ఆరు వాక్యాలున్నాయి. డిగ్రీ పిల్లలకు 34 వాక్యాలు ఎక్కువే, ఇరవై దాటాక వరసగా ఒకే గడి చుడతారు. నన్నడిగితే 17 వాక్యాలదే తీసుకోమంటాను. ఏది తీసుకున్నా రచయితకు మెయిల్ రాసి అనుమతి దగ్గర పెట్టుకోండి.

ఎక్కువ స్కోరు వచ్చిన పిల్లల్ని ఏం చేయాలని అడిగారు. స్కోరు చూసి ఏ పేరూ తగిలించకండి, క్లాసులో చెప్పకండి. నిద్ర పట్టడం లేదని, కాలేజీ మానేస్తున్నానని రాసినవాళ్లతో విడిగా మాట్లాడి కౌన్సిలర్ దగ్గరికి పంపండి. అందుబాటులో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు ఫారం చివర అందరికీ కనపడేలా అచ్చు వేయండి, ఎవరికి అవసరమో మీరు ముందే ఊహించనక్కర్లేదు.

గైడ్ గారితో ఎలా చెప్పాలన్నది మిగిలింది. వాదన పెట్టుకోకండి. ఆ మైకు కుర్రాడితో పాటు మరో అయిదారుగురిని కూర్చోబెట్టి 6, 7, 9, 23, 28 వాక్యాలు పైకి చదివించి, వాళ్లు చెప్పింది రికార్డు చేసి, వాళ్ల అనుమతితో ఆయనకు వినిపించండి. వినిపించాక ఏమన్నారో ఇక్కడ రాయండి, సూచనల పేరా చిత్తుప్రతి కూడా పెడితే చూస్తాను.